కోనసీమ అంటే కొబ్బరిచెట్లు, పులసేనా? కాల్వలు కట్టేసినప్పుడు మీ ఊళ్లో ఏం చేసేవాళ్లో రాయండి

బోదెగట్టు
ఈమధ్య కోనసీమ మీద వచ్చే వీడియోలు చూస్తుంటే ఒళ్లు మండుతోంది. అన్నిట్లోనూ అవే. డ్రోన్‌తో తీసిన కొబ్బరితోట, ఒక పడవ, అరిటాకులో పులస పులుసు, చివర్న ఎవరో ఒకాయన "ఆయ్" అనడం. అక్కడితో కోనసీమ అయిపోయింది. అక్కడ మనుషులు ఎలా బతికారో, పిల్లలు పొద్దుగూకేదాకా ఏం చేసేవారో ఎవరికీ పట్టదు.

మాది అంబాజీపేట దగ్గర. ఉద్యోగం హైదరాబాదులో. ఆ వీడియోలు చూసి మా అమ్మాయి "నాన్నా, మీ ఊరు ఎంత పచ్చగా ఉందో" అంటుంది. పచ్చగానే ఉంటుంది. కానీ ఆ పచ్చదనం దానంతటది రాలేదని దానికి ఎలా చెప్పాలి? ఎండాకాలం నీళ్లు ఆపేసి కాల్వలు కట్టేస్తే ఊరి రూపే మారిపోయేది. దానికీ ఒక పద్ధతి ఉండేది.

మా ఊళ్లో అయితే, ధవళేశ్వరంలో నీళ్లు ఆపేసేలోపు మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. రాత్రిళ్లు తూము దగ్గర పెద్దవాళ్లు వంతులేసుకుని పడుకునేవారు. చెరువు నిండాక గేదెల్ని దింపకూడదు, బట్టలుతకకూడదు. కాల్వ మాత్రం పిల్లలది. నీళ్లు మొలలోతు, మోకాల్లోతు, చివరికి వంతెన కింద మడుగుల్లో మాత్రం మిగిలేవి. ఆ మడుగుల్లోకి దిగి బురద కలిపితే చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేవి. ఎవడికైనా కొర్రమేను దొరికితే వీధంతా ఊరేగింపే.

జూన్‌లో మళ్లీ కాల్వ వదిలేవారు. ఎండుటాకులు, కొబ్బరి డొక్కలు, నురుగు దొర్లించుకుంటూ కొత్తనీరు వచ్చేది. ఆ నీటి మొనతో పాటు గట్టు మీద మేమూ పక్కూరి పొలిమేర దాకా పరిగెత్తేవాళ్లం. మీ ఊళ్లో ఎలా ఉండేదో రాయండి.

పుల్లఐసు
అన్నా, ఐసుబండిని మర్చిపోయావా! కాల్వ ఎండిందంటే ఐసుబండి నేరుగా కాల్వలోనే దిగేది. డబ్బులెవడి దగ్గరున్నాయి? పెరట్లో రాలిన కొబ్బరికాయ ఇస్తే పుల్లఐసు.

బోదెగట్టు
రాలిన కాయేనా, రాల్చిన కాయా?

పుల్లఐసు
గాలి రాల్చింది. గాలికి మేము కొంచెం సాయం చేశాం.

నల్లవంతెన
మేము అమలాపురం టౌను పిల్లలం. చేపలు పట్టడం రాదు గానీ వంతెన మీద నిలబడి కింద పట్టేవాళ్లకి సలహాలు మాత్రం దండిగా ఇచ్చేవాళ్లం. కాల్వ కట్టేస్తే మాకు తెలిసేది ముందు వాసన, తర్వాత దోమలు. సాయంత్రం గడియార స్తంభం వైపు నడిచి వెళ్లి ఒక సోడా తాగి రావడమే వేసవి సెలవులు. పల్లెటూళ్ల నుంచి పెళ్లి బట్టలకి వచ్చినవాళ్లు కుటుంబాలకి కుటుంబాలే ఉండేవారు. కొట్లో ఒక చీర తీస్తే పదిమంది పట్టుకుని చూసేవారు, దారిన పోయేవాళ్లు కూడా ఆగి "ఆ ఆకుపచ్చది బావుందండీ" అని చెప్పి పోయేవారు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

లంకమాస్టారు
బోదెగట్టు గారు మంచి చోట మొదలుపెట్టారు. నేను ఆ కాల్వల పక్కనే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ తరం పిల్లలకి ముందు నీళ్ల కథ చెప్పండి. గౌతమి, వసిష్ఠ, మధ్యలో వైనతేయ, ఇవతల సముద్రం. చుట్టూ ఇన్ని నీళ్లున్నా ఒకప్పుడు ఇక్కడ కరువులొచ్చాయి. వరదొస్తే మునక, వాన లేకపోతే ఎండు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ తర్వాతే ఈ కాల్వలూ, ఈ మూడు కాలాల పచ్చదనం. కాటన్ దొర బొమ్మకి మా రైతులు దండ వేసేది ఊరికే కాదు.

పి.గన్నవరం అక్విడక్టు దగ్గరికి మీ అమ్మాయిని తీసుకెళ్లండి. కింద వైనతేయ పారుతూ ఉంటుంది, దాని నెత్తిమీంచి కాల్వ పోతుంది. అవతల రాజోలు వైపు చేలన్నీ ఆ నీళ్ల మీదే బతికాయి. నేను ప్రతి ఏడూ ఒక క్లాసుని నడిపించి తీసుకెళ్లేవాణ్ణి. పాత దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడది అక్కడి లంకల గన్నవరమే. అర్ధరాత్రి పడవ దిగి వచ్చినవాడికైనా పొయ్యి వెలిగించి అన్నం పెట్టిన తల్లి. 1909లో పోయారు. ఇప్పుడు బళ్లలో మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరే.

సన్నజాజి
నేను వరంగల్ పిల్లని, మావారిది కొత్తపేట. పెళ్లైన కొత్తల్లో నాకు ఒక్కటే ఆశ్చర్యం. మా దగ్గర చెరువు నిండితే పండుగ, మా అత్తగారింట్లో నీళ్లు ఎక్కువైతే టెన్షన్. గోదావరికి వరదంటే టీవీ ముందు నుంచి లేవరు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎందుకంత?

ఏటిగట్టు_మనవడు
ఎందుకంటే 1986 ఆగస్టు చూశాం కాబట్టి అక్కా. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నేను అప్పుడు రెండో తరగతి. ఏటి మధ్య మా లంకలో ఇళ్లన్నీ మునిగి, గట్టు మీద మనుషులు, గేదెలు, కోళ్లు, పాములు అన్నీ ఒకే చోట. గట్టుకి బుంగ పడుతుందేమోనని మగవాళ్లంతా ఇసక బస్తాలు పట్టుకుని రాత్రంతా తిరిగారు. మా నానమ్మ ఏం చేసిందో తెలుసా, ఆవకాయ జాడీ ఒక్కటే ఎత్తుకొచ్చింది. గట్టు మీద తిన్నన్ని రోజులూ అందరికీ అదే కూర. ఇప్పటికీ మా ఇంట్లో జాడీ అటక మీదే ఉంటుంది, కింద పెట్టనివ్వరు.

ముక్తేశ్వరంరేవు
నా మటుకు నాకు చిన్నతనం అంటే పంటు, బళ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి గోదావరి దాటాలి. లారీ, జీపు, సైకిళ్లు, పాలబిందెలు, పెళ్లివారు, అరటి గెలలు, అందరూ ఒకే పంటు మీద. అవతలి ఒడ్డు చేరేలోపు ఎవరింట్లో పెళ్లి, ఎవరికి ఉద్యోగం, ఎవరి కొబ్బరి ఎంతకి పోయింది అన్నీ తెలిసిపోయేవి. వంతెనలు వచ్చాక ఎవరి కారులో వాళ్లు, ఎవరి అద్దాలు వాళ్లవి. ఆ మాటలు పోయాయి. నన్నడిగితే వంతెనలు రాకముందే బావుండేది.

రాజోలుదీవి
ముక్తేశ్వరంరేవు గారూ, ఆ మాట నేను ఒప్పుకోను. పంటు మీద షికారు చేసినవాళ్లకి అందం. రాత్రిపూట అవసరం పడ్డవాళ్లని అడగండి. మా పిన్నికి నొప్పులు వచ్చింది చీకటి పడ్డాక. పంటు ఆగిపోయింది. పడవవాళ్లని లేపి, లాంతరు పెట్టుకుని అవతలికి తీసుకెళ్లేసరికి బిడ్డ దక్కలేదు. అప్పటి నుంచి మా అమ్మమ్మ రేవు వైపు చూసేది కాదు. కబుర్లు పోతే పోయాయి. వంతెన రావడమే మంచిదైంది.

ముక్తేశ్వరంరేవు
చాలా బాధగా ఉంది అమ్మా. మా ఇల్లు రేవు పక్కనే, మాకు ఆ దూరం తెలియలేదు. పంటు మీద కబుర్లు నాకు ఇష్టమే గానీ, మీ పిన్నిగారి విషయం విన్నాక దానికీ దీనికీ పోటీ పెట్టను.

పేటకుర్రోడు
యానాం, ఎదుర్లంక వంతెన 2002లో తెరిచారు. దానికి బాలయోగి గారి పేరు. ఆయనది ఎదుర్లంకే. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా అదే ఏడు మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, వంతెన తెరవడం చూడలేదు. మా పేటలో ఆ రోజు పొయ్యి వెలగలేదు. మా నాన్న మొదటిసారి ఆ వంతెన మీద సైకిలు తొక్కినప్పుడు మధ్యలో దిగి కాసేపు నడిచాడు. ఎందుకు నాన్నా అంటే జవాబు చెప్పలేదు.

ఇంకొకటి. బోదెగట్టు గారు మంచినీళ్ల చెరువు గురించి బాగా రాశారు. మా ఊళ్లోనూ అలాగే నింపేవారు, తూము దగ్గర కాపలా పడుకున్నది మా తాతలే. కానీ ఊరి చెరువులో మా దళితపేట ఆడవాళ్లు బిందె ముంచే వీలు లేదు. రేవు మెట్ల మీద నిలబడితే ఎవరో ఒకరు వచ్చి పోసేవారు, వాళ్లకి తీరికైనప్పుడు. మా అమ్మ ఎండలో గంటలకొద్దీ నిలబడ్డం నేను చూశాను. కోనసీమ అందం మీద రాస్తే ఇది కూడా రాయాలి.

బోదెగట్టు
తప్పకుండా రాయాలి తమ్ముడూ. మా ఊళ్లోనూ పేటకి వేరే చెరువు ఉండేది. అది ముందు ఎండిపోయేది. ఇది మా అమ్మాయికి చెప్పే దాంట్లో ఉంటుంది.

చిట్టిచెల్లాయి
ఇవన్నీ ఇప్పుడెందుకండీ, మంచి జ్ఞాపకాలు చెప్పుకుంటుంటే. మా ఊళ్లో అందరూ కలిసే ఉండేవాళ్లం.

పేటకుర్రోడు
చిట్టిచెల్లాయి గారూ, నావీ మంచి జ్ఞాపకాలే. ఆ కాల్వలో ఈదింది నేనూ, జగ్గన్నతోట తీర్థంలో జీళ్లు కొనుక్కుంది నేనూ. నా ఊరు నాకు ప్రాణం. అందుకే మొత్తం చెప్తున్నాను.

లంకమాస్టారు
పేటకుర్రోడు చెప్పింది అక్షరాలా నిజం. నా క్లాసులో బుద్ధిగా చదివిన పిల్లలు దాహమైతే ఎక్కడికి వెళ్లాలో తెలియక కూర్చునేవారు. బడిలో కుండ అందరికీ ఒకటే పెట్టడానికి ఆ రోజుల్లో చాలా మాటలు పడాల్సి వచ్చింది. రాయనివ్వండి అమ్మా.

రాజోలుదీవి
నాకు ఇంకో జ్ఞాపకం. మా వైపు కువైట్, మస్కట్ వెళ్లని ఇల్లు తక్కువ. ఆడవాళ్లే ఎక్కువ వెళ్లేవారు, ఇంటిపనికి. మా అమ్మ వెళ్లినప్పుడు నేను చిన్నదాన్ని. ఉత్తరం రాయడం రాదు, ఫోను ఖరీదు. అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేది. వీధిలో టేప్‌రికార్డర్ ఉన్న ఇంటికి వెళ్లి, చుట్టుపక్కలవాళ్లంతా కూర్చుని వినేవాళ్లం. అమ్మ ముందు అందరి పేర్లూ వరసపెట్టి అడిగేది. "పక్కింటి వదినా, నీ మోకాలు ఎలా ఉంది" అని కూడా. నా పేరు చివర్న వచ్చేది, అప్పటికి గొంతు పూడిపోయేది. అవతలి వైపు ఖాళీగా ఉంటే మేము జవాబు రికార్డు చేసి పంపేవాళ్లం. నేను ప్రతిసారీ ఎక్కాలు అప్పజెప్పేదాన్ని, ఏం చెప్పాలో తెలియక.

మా పెంకుటిల్లు డాబా అయింది ఆ డబ్బుతోనే. డ్రోన్ నుంచి చూస్తే కొబ్బరిచెట్ల మధ్య మంచి మంచి డాబాలు కనపడతాయి కదా. వాటిలో చాలావాటి వెనక ఇలాంటి అమ్మలున్నారు.

పుల్లఐసు
అక్కా ఇది చదివి మా అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ దోహాలో ఉండేది.

డాలస్_అత్తయ్య
రాజోలుదీవి, ఆ క్యాసెట్లు జాగ్రత్తగా ఉన్నాయా? ఉంటే వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించు తల్లీ. టేపు పాడైపోతుంది.

రాజోలుదీవి
రెండు మిగిలాయి అత్తయ్యగారూ. మా తమ్ముడు ఎక్కించాడు. మిగతావి 96 తుఫానులో పోయాయి.

తూర్పుగాలి
ఆ తుఫాను మాట వచ్చింది కాబట్టి రాస్తాను. మాది కాట్రేనికోన వైపు, సముద్రానికి దగ్గర. 1996 నవంబరు 6. సాయంత్రం నుంచి గాలి తిరిగింది. చీకటి పడేసరికి ఇంటి పైకప్పు లేదు. మా నాన్న మమ్మల్ని మంచం కింద పడుకోబెట్టి మంచం మీద తను కూర్చున్నాడు, ఎగిరిపోకుండా. రాత్రంతా చెట్లు విరిగే చప్పుడు. తెల్లారి చూస్తే ఊరు గుర్తుపట్టలేకపోయాం. ఎటు చూసినా ఆకాశం కనిపిస్తోంది. అంతకుముందు మాకు ఆకాశం కొబ్బరాకుల సందుల్లోంచే తెలుసు. వేటకి వెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. మొత్తం వెయ్యి మందికి పైగా పోయారు.

కొబ్బరిచెట్టు నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. మా తాతకి అప్పటికే ముసలితనం. అయినా కూలిన చెట్ల మధ్య గోతులు తీసి మొక్కలు పెట్టాడు. ఆ కాయ ఆయన తినలేదు, మేము తింటున్నాం. వీడియోల్లో కనపడే ఆ తోటల్లో చాలా చెట్లు ఆ తుఫాను తర్వాత పెట్టినవే.

ఏటిగట్టు_మనవడు
అంతకు ముందు ఏడాదే కదా పాశర్లపూడిలో గ్యాసు బావి బ్లోఅవుట్. 1995 జనవరిలో అంటుకుంటే 65 రోజులు మండింది. రాత్రిపూట మా ఊరి నుంచి కూడా ఎర్రగా కనిపించేది. బడి పిల్లలం ఆ వెలుతురులో పుస్తకం చదవొచ్చని పందేలు కాసేవాళ్లం. పెద్దవాళ్ల భయం మాకేం తెలుసు.

నల్లవంతెన
వాతావరణం బరువెక్కింది, కొంచెం దసరాకి రండి. మా అమలాపురంలో దసరా అంటే బొమ్మల కొలువు ఒక్కటే కాదు, చెడీ తాలింఖానా. కర్రసాము, కత్తిసాము, కళ్లకి గంతలు కట్టుకుని మనిషి మీద పెట్టిన కాయని కత్తితో నరకడం. మా వీధిలో రోజూ పొద్దున్న ఇస్త్రీ చేసే పెద్దాయన ఆ రాత్రి కత్తి తిప్పుతుంటే గుర్తుపట్టలేకపోయేవాళ్లం. మర్నాడు మళ్లీ మామూలుగా "చొక్కా రేపు ఇస్తా బాబూ" అనేవాడు. ఆ రేపు ఎప్పుడూ వచ్చేది కాదు, కానీ కత్తి చూశాక ఎవరు గట్టిగా అడుగుతారు!

సన్నజాజి
ఇందాక పేటకుర్రోడు గారు జగ్గన్నతోట అన్నారు. మా కొత్తపేటలో కూడా సంక్రాంతికి ప్రభలు చూశాను, బాణసంచా అదిరిపోతుంది. జగ్గన్నతోటది వేరా?

బోదెగట్టు
వేరు అక్కా, అది మా ప్రాంతానిది. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట, కనుమ రోజు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ప్రభల మీద అక్కడికి వస్తారు. వెదురూ తాటిదూలాలతో కట్టి, కొత్త బట్టలూ రంగు నూలూ చుట్టి, వరికంకులు కడతారు. మోసేది మనుషులే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాల్వ దాటి రావాలి. మెడలోతు నీళ్లలో "అశ్శరభ శరభ" అంటూ దింపి ఎక్కిస్తారు. దారిలో పచ్చటి చేలుంటే చేలల్లోంచే పోతారు. మా నాన్న చేను తొక్కుకుంటూ పోయినప్పుడు ఆయన గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టేవాడు. తొక్కిన చేనుకి నష్టం అన్న మాట ఆయన నోట నేను వినలేదు. వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చినప్పుడు మిగతా ప్రభలన్నీ ఒక్కసారి పైకెత్తుతారు, ఆ క్షణం తోటలో ఒళ్లు జలదరించనివాడు ఉండడు.

2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో ఆంధ్ర శకటం ఈ ప్రభల తీర్థమే. టీవీ ముందు నేను ఏడ్చానని మా ఆవిడ ఇప్పటికీ చెప్తుంది.

చిట్టిచెల్లాయి
మాది ఇరుసుమండ! మా ప్రభ కూడా ఆ పదకొండులో ఉంది. పెద్దవాళ్లు ప్రభ కడుతుంటే మేము చిన్న చిన్న ప్రభలు కట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్లం. ఇంకా పేటకుర్రోడు గారూ, మీ మాట గురించి నిన్నంతా ఆలోచించాను. మా అమ్మని అడిగితే అవును, మేమే నీళ్లు పోసేవాళ్లం అంది. నేను అది ఎప్పుడూ చూసి ఉండను, చూసినా పట్టించుకోలేదేమో.

పేటకుర్రోడు
మీరు అమ్మగారిని అడిగారు చూడండి, అది చాలు నాకు.

ముక్తేశ్వరంరేవు
ఇప్పుడు కాల్వల సంగతి ఏంటి? నేను పోయినసారి వెళ్తే మా చేల పక్కనంతా రొయ్యల చెరువులే. బోరునీళ్లు ఉప్పగా ఉన్నాయి. కొబ్బరికి తెల్లదోమ. వరి గిట్టుబాటు కాక 2011లో పంట విరామం ప్రకటించిన రైతులం మేము. రొయ్యలు వేసినవాళ్లని తిట్టలేను, వాళ్లూ బతకాలి. కానీ పక్క చేనుకి ఉప్పు దిగితే ఆ రైతు ఏం చెయ్యాలి?

లంకమాస్టారు
మురుగు కాల్వలు బాగుంటే సగం గొడవ తీరుతుంది. సాగునీటి కాల్వ గురించి అందరూ మాట్లాడతారు, చేలోంచి నీరు బయటికి పోయే దారి ఎవరికీ పట్టదు. గుర్రపుడెక్క తీసే నాథుడు లేడు. మా చిన్నప్పుడు కాల్వ కట్టేసిన రోజుల్లోనే ఊరంతా కలిసి బోదెలు, మురుగు కాల్వలు బాగు చేసుకునేవారు. పిల్లలు చేపలు పడుతుంటే పెద్దవాళ్లు పూడిక తీసేవారు. మీకు చేపలే గుర్తున్నాయి.

బోదెగట్టు
నిజమే మాస్టారూ, మా నాన్న భుజం మీద పార ఉండేది ఆ రోజుల్లో. ఇప్పుడు మీరంటే గుర్తొచ్చింది.

డాలస్_అత్తయ్య
తిండి గురించి ఎవరూ రాయలేదేం? పొట్టిక్కబుట్టలు ఎవరికీ గుర్తులేవా? పనసాకులు నాలుగు ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద పెడితే, ఆ వాసనకి పిల్లలు పిలవకుండానే లేచేవారు. ఇక్కడ మనవళ్లకి చేద్దామంటే పనసాకు దొరకదు. అరిటాకుతో చేశాను, రుచి రాలేదు.

ఏటిగట్టు_మనవడు
అత్తయ్యగారూ, కందాబచ్చలి, పనసపొట్టు కూర, కొబ్బరి లౌజు, ఆత్రేయపురం పూతరేకులు... మీరు అడగకపోవడమే మంచిది, రాత్రి పన్నెండయింది, ఇంట్లో ఏమీ లేదు.

సన్నజాజి
మా అత్తగారు పనసాకులు ఎండబెట్టి పంపిస్తానంటున్నారు, వేడినీళ్లలో నానబెడితే మెత్తబడతాయట. మామూలుగా పచ్చివే వాడతారు, ఎండువి నేను చూడలేదు.

డాలస్_అత్తయ్య
ఎండువి విరిగిపోతాయేమో అమ్మా. ఆకులు కస్టమ్స్‌వాళ్లు రానివ్వరు కూడా. సంక్రాంతికి వస్తున్నాను, అక్కడే తింటాను. కనుమ నాడు తోటలో ఎవరెవరు ఉంటారు?

చిట్టిచెల్లాయి
నేనుంటాను. మా ఇంట్లో పనసచెట్టు ఉంది, పొట్టిక్కలు నా పూచీ.

పేటకుర్రోడు
నేనూ, అమ్మా వస్తాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, తోట దాకా ఆటో పోతుందా ఆ రోజు?

బోదెగట్టు
జనం ఎక్కువగా ఉంటారు, ఆటోని దూరంగానే ఆపేస్తారు తమ్ముడూ. పొద్దున్నే మా ఇంటికి తీసుకొచ్చెయ్, భోజనం చేసి, ప్రభలు వచ్చేలోపు బండి మీద నేను దింపుతాను.